గడియారాలాయన బీరువా

మే నెల పదకొండో తేదీ. ఆ మధ్యాహ్నం మేం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు, పచ్చి ఉల్లిపాయ. తేదీ గుర్తుండడానికి కారణం కంటి డాక్టరు ఇచ్చిన చీటీ. తిండి గుర్తుండడానికి కారణం మావయ్య. ఆయన గుడ్డు పెంకు ఒలిచి, దాన్ని బొటనవేలి కింద ఒక్కసారి గుండ్రంగా తిప్పి, నా కంటికి ఆనని పెంకు రవ్వ ఒకటి గిల్లి పారేశాడు.

"చూశావా డిగ్రీ? ఆ డాక్టరుకి పనీపాటా లేక పిలిచాడు నన్ను" అన్నాడు.

"ఆయన పిలవలేదు, నేనే తీసుకెళ్తున్నా" అంది మరదలు. "నిన్న పాలగిన్నె అనుకుని జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టావు. గుర్తుందా?"

"జిగురైనా కాగాల్సిందేగా!"

ముగ్గురం నవ్వాం. మరదలు మాడని రొట్టె నా వైపుకి జరిపి, మాడినది తను తీసుకుంది. ఆ ఇంట్లో అలాంటివి ఎవరూ పైకి చెప్పుకునేవాళ్ళు కాదు.

మావయ్యంటే నా భార్య తండ్రి, మరదలు ఆమె చెల్లెలు. వీధంతా ఆయన్ని పెద్దమేస్త్రీ అనేది. ముందు గదుల్లో వడ్రంగం, వెనక గదుల్లో కాపురం. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆమె పోయాక ఆయన నన్ను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. పదో రోజు పొద్దున్న తన ఉలితో పాటు నా ఉలి కూడా సాన పట్టి బల్ల మీద పెట్టాడు. నేను వెళ్ళి దాన్ని అందుకున్నాను. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. అందుకే ఆ పేరు, డిగ్రీ అని. "చెట్టు పేరు నువ్వు పుస్తకం భాషలో చెప్తే రంపం దానంతటదే ఆడుతుందేమో, చెప్పి చూడు" అని పనిలో చేరిన కొత్తలో ఏడిపించేవాడు. తర్వాత తర్వాత నేను కాగితం మీద కొయ్య లోపలి గొట్టాల బొమ్మ వేసి, గాలిలో చెమ్మ ఉంటే అవి ఎలా ఉబ్బుతాయో చెప్పినప్పుడు శ్రద్ధగా విని, "మా నాన్నకి ఇది బొమ్మ లేకుండానే తెలుసు. అయినా బొమ్మ బావుంది" అని ఆ కాగితాన్ని గోడకి అంటించాడు.

ఆయన పనిలో మేకు ఉండదు. ఒక కొయ్య కొసని నాలుకలా చెక్కుతాడు, దాన్ని మేం కుసి అంటాం. రెండో కొయ్యకి బెజ్జం తొలిచి కుసిని అందులో దించి, అడ్డంగా ఒక చెక్క సీల కొడతాడు. తలుపైతే చుట్టూ అలాంటి చట్రం, మధ్యలో పలక. పలకకి జిగురు పెట్టడు. చట్రం లోపలి గాడిలో ఊరికే కూర్చోబెడతాడు. ఎండాకాలంలో చేసిన తలుపైతే గాడిలో పలక పక్కన రెండు గోళ్ళ మందం ఖాళీ వదలాలి. వానలొస్తే పలక ఉబ్బి ఆ ఖాళీలోకి వెళ్తుంది. ఖాళీ లేకపోతే చట్రాన్ని చీలుస్తుంది. ఆ రెండు గోళ్ళూ ఆయన ఏనాడూ కొలబద్దతో కొలవలేదు. వేలు పెట్టి చూసేవాడు.

ఆ వేసవిలో మేం చేస్తున్నది గడియారాలు బాగుచేసే ఆయన కోసం ఒక బీరువా. ఆరు తలుపులు. బాగుచేసిన గడియారాలు మనుషులొచ్చి తీసుకెళ్ళేదాకా అందులో ఉండాలి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ముందురోజు ఆయన పని చూడ్డానికి వచ్చాడు. మావయ్య వెనక స్నానం చేస్తున్నాడు. గడియారాలాయన సన్నగా, శుభ్రంగా, ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకి వాల్చి నడిచే మనిషి. బల్ల మీద ఆరబెట్టిన తలుపొకటి నిలబెట్టి, పలకని వేలితో పక్కకి నెట్టాడు. అది గాడిలో కొంచెం జరిగి టక్కుమంది.

"ఇది కదులుతోందే?"

"కొయ్య కదా, వానాకాలానికి..." అని మొదలుపెట్టాను.

ఆయన రెండో తలుపు నెట్టాడు. టక్. మూడోది. టక్. "నా బతుకంతా చప్పుళ్ళు ఆపడమే పని. ఇప్పుడు బీరువా కూడా చప్పుడు చేస్తే ఎలాగండీ? పెద్దాయనకి చూపు తగ్గిందని విన్నాను. మీరు చదువుకున్నవాళ్ళు, కాస్త దగ్గరుండి చూసుకోవద్దూ?"

నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. అది తప్పు కాదండీ, అదే పనితనం అని. గోడ మీద నా బొమ్మ కూడా ఉంది చూపించడానికి. కానీ 'మీరు చదువుకున్నవాళ్ళు' అన్న మాట చెవిలో తియ్యగా దిగింది. పాతికేళ్ళుగా ఆ కొట్లో నన్ను ఎవరూ అలా అనలేదు.

"నేను చూస్తాలెండి" అన్నాను.

మర్నాడు వాళ్ళిద్దరూ డాక్టరు దగ్గరికి బయల్దేరగానే తలుపులు బల్ల మీద పరిచాను. సీలలు అప్పటికింకా చివర్లు కొయ్యలేదు. ఒక్కో తలుపుకీ ఒక పక్క సీలలు వెనక్కి కొట్టి, ఆ పక్క కొయ్య ఊడదీసి, గాడి అడుగున సన్నటి బద్ద ఒకటి జిగురు పూసి పెట్టి, మళ్ళీ బిగించాను. ఆరు తలుపులు, ఆరు బద్దలు. నా మీద ఒట్టు, చేస్తున్నంతసేపూ తెలుసు. కొయ్య ఉబ్బుతుందని తెలుసు. ఎంత ఉబ్బుతుందో కూడా తెలుసు. ఎండిన జాతి కొయ్యలే, ఇంత మాత్రానికి ఏమౌతుంది అని నాకు నేనే చెప్పుకుంటూ పనిచేశాను. ఆరో తలుపు బిగించి వేలితో నెట్టి చూస్తే పలక రాయిలా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఆ నిమిషంలో నాకు గర్వమేసింది.

వేళ్ళకంటిన జిగురు తుడుచుకుంటుంటే వాళ్ళు వచ్చారు. మావయ్య చేతిలో మిఠాయి పొట్లం.

"డాక్టరేమన్నాడో చెప్పవే" అన్నాడు కూతురితో.

"ఎడమ కన్ను అంతంతమాత్రమేనట, కుడి కన్ను ఫరవాలేదట. పని మానక్కర్లేదన్నాడు. ఆ మాట ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు నాన్న. నా బళ్ళో ఒకటో తరగతి పిల్లలు నయం."

"ఇంకో పదేళ్ళు నన్ను భరించాలి డిగ్రీ, మిఠాయి తీసుకో" అని నా నోట్లో పెట్టబోయి, నా చేతులకి జిగురు చూసి, "ఏం అతికిస్తున్నావ్?" అన్నాడు.

"స్టూలు కాలు."

మొదటి అబద్ధం అది. ఎంత సులువుగా వచ్చిందో.

బీరువా జూన్ మొదటి వారంలో వెళ్ళింది. గడియారాలాయన ఆరు తలుపులూ నెట్టి చూసుకుని సంబరపడ్డాడు. మావయ్య ఆ సంబరం తన పనికే అనుకుని తల పంకించాడు. తర్వాత వానలు పట్టాయి. ఆ ఏడు గోడలు చెమర్చాయి, ఉప్పు నీరైంది, బట్టలు మూడు రోజులకి గానీ ఆరలేదు. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు వింటూ రోజూ ఆ ఆరు తలుపులే తలుచుకునేవాణ్ణి.

జూలై నెలాఖర్లో కబురొచ్చింది. ఇద్దరం ఒక్క గొడుగులో వెళ్ళాం. మావయ్య పొడుగు కాబట్టి గొడుగు ఆయన పట్టుకున్నాడు. తడిసింది మాత్రం ఆయన భుజమే.

గడియారాలాయన షాపులో నాలుగు గోడలకీ గడియారాలు. అన్నీ ఆడుతున్నాయి. బీరువా తలుపులు రెండు సగంలో ఇరుక్కుని ఆగిపోయాయి. ఒకదాని చట్రం మూల దగ్గర నోరు తెరిచింది. సీల దగ్గర కుసి చీలి, లోపలి తెల్ల కొయ్య కనిపిస్తోంది.

మావయ్య చొక్కా చేతులు పైకి మడిచి, ఆ చీలిక మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత పలకని నెట్టాడు. కదల్లేదు. రెండో తలుపు పలక నెట్టాడు. ఆరూ నెట్టాడు.

"బిగుసుకుపోయాయి. ఖాళీ లేదు" అన్నాడు మెల్లగా.

"పోనీలెండి పెద్దాయనా" అన్నాడు గడియారాలాయన. మంచిగానే అన్నాడు. కుర్చీ కూడా లాగి వేశాడు. "వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు. నేను మాత్రం ఇదివరకట్లా సన్న మరలు ఎక్కించగలుగుతున్నానా?"

ఆయన నా వంక చూడలేదు. పలకలు కదుల్తున్నాయని తనే అన్న సంగతి ఆయనకి గుర్తే లేదు. బీరువా చేసినవాడిది తప్పు, అంతే. మావయ్య కుర్చీలో కూచోలేదు. నా వైపు తిరిగాడు.

"నేను వదిలాననే అనుకుంటున్నాను. రెండేసి గోళ్ళు. ఆరింటికీ వేలు పెట్టి చూసిన గుర్తు. నువ్వు పక్కనే ఉన్నావుగా అల్లుడూ. వదిలానా, లేదా?"

ఆయన నన్ను అల్లుడూ అని పిలిచేది ఏడాదికి ఒకటి రెండుసార్లు.

"గుర్తు లేదు మావయ్యా" అన్నాను.

ఆయన తల ఊపాడు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలో పడింది. "తలుపులు పంపించండి. బాగుచేసి ఇస్తాం" అన్నాడు గడియారాలాయనతో.

తలుపులు వచ్చిన సాయంత్రం ఆయన ఒకటే మాట అడిగాడు. "రేపు విప్పేటప్పుడు నన్ను పిలువు. ఎంత వదిలానో చూసుకోవాలి. ఒక గోరన్నా వదిలానో, అసలు మర్చేపోయానో."

విప్పితే గాడిలో బద్ద కనపడుతుంది. బద్ద తీసేసినా, పలకనీ గాడినీ పక్కపక్కన పెడితే ఆయన వేలికి లెక్క దొరికిపోతుంది. మర్నాడు ఇంకా వెలుగు రాకముందే లేచాను. తలుపులు విప్పాను. బద్దలు ఉలితో ఊడగొట్టి, జిగురు కాచే పొయ్యిలో పెట్టాను. చెమ్మగా ఉన్నాయేమో, అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆరు పలకల అంచులూ చిత్రిక పట్టి తగ్గించేశాను. కింద రాలిన పొట్టు కూడా ఊడ్చి అందులోనే వేశాను. మొదటి పని బుద్ధి గడ్డి తిని చేశాననుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు నా బుద్ధి శుభ్రంగా పనిచేస్తోంది.

ఆయన లేచి వచ్చేసరికి అన్నీ విడివిడిగా ఉన్నాయి.

"పిలవమన్నానుగా."

"నిద్రపోతున్నారు కదా అని."

"పలకలు?"

"తగ్గించేశాను."

ఆయన ఒక పలక తీసుకుని అంచు మీద వేలు నడిపాడు. అప్పుడే చిత్రిక పట్టిన అంచు, దాని మీద చదవడానికి ఏమీ లేదు. దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశాడు. "నాకు సిగ్గుగా ఉంటుందని ముందే చేసేశావు. సరేలే" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది నాకు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన పని మానేశానని ఎవరితోనూ అనలేదు. మొదట ప్రతిదీ మూడుసార్లు కొలవడం మొదలుపెట్టాడు. కొలబద్ద ముట్టని మనిషి కొలబద్ద జేబులో పెట్టుకుని తిరిగాడు. కొలిచాక నన్ను పిలిచి, "ఇది ఎంత ఉందో చూడు" అనేవాడు. నేను చెప్పేది ఆయన కొలిచిందే. అయినా రెండోసారి చూడమనేవాడు. ఆగస్టు మధ్యకి వచ్చేసరికి గీతలు నన్నే గియ్యమన్నాడు. నెలాఖరుకి ఉలి పట్టుకోవడం మానేశాడు. ఆ అనుమానం చేతి పనితో ఆగలేదు. గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ, "నిండిందా?" అని అడిగేవాడు. గడ్డం గీసుకోవడం మాని మంగలి దగ్గరికి వెళ్ళేవాడు. గుడ్డు వడ్డిస్తే ఒలవకుండా కూతురి వైపు జరిపేవాడు.

"డాక్టరు ఏమీ లేదన్నాడు" అంది మరదలు ఒకరోజు నాతో, బళ్ళో పిల్లల పలకలు తుడుస్తూ. "మళ్ళీ తీసుకెళ్ళాను. చూపు మేలో ఎలా ఉందో అలాగే ఉందట. మరెందుకిలా అయిపోయాడు బావా? ఒక్క బీరువాకేనా? ఎన్ని బీరువాలు చేయలేదు?"

"వయసు" అన్నాను.

"నీ మొహం వయసు" అంది.

నేను ఆ రోజుల్లో ఆయన మీద చూపించిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. కాళ్ళకి నూనె రాశాను. పేపరు చదివి వినిపించాను. వీధిలో వాళ్ళు, "కొడుకున్నా ఇంతలా చూడడు" అనేవాళ్ళు. ఆ మాట వినపడినప్పుడల్లా పేపర్లో ఎక్కడ చదువుతున్నానో తప్పిపోయేది.

సెప్టెంబరు చివర్లో, వానలు వెనకబట్టిన ఒక సాయంత్రం, ఆయన పనిముట్లన్నీ దింపించాడు. ఉలులు, రంపాలు, చిత్రికలు, వాళ్ళ నాన్న చేతి కొడతి, అదే చెక్క సుత్తి. ఒక్కొక్కటీ నూనె గుడ్డతో తుడిచి సంచిలో పెట్టించాడు.

"రంపం మిల్లు మేస్త్రీకి ఇచ్చేస్తున్నాను. రేపు పొద్దున్న వస్తాడు. వాడి చేతిలో అన్నా ఆడతాయి" అన్నాడు. "నీవి నీకు ఉంచాన్లే."

ఆయన పెందలాడే తినేసి పడుకుంటాడు. ఆ వేళ తిని మంచమెక్కాక ఆయన గదిలోకి వెళ్ళి నేల మీద కూచున్నాను.

"మావయ్యా, ఆ బీరువా తప్పు మీది కాదు. నాది."

ఆయన దిండు సరిచేసుకున్నాడు. "ఎలా?"

"మీరు ఖాళీ వదిలారు. రెండు గోళ్ళూ వదిలారు. నేను గాడిలో బద్దలు పెట్టి పూడ్చాను. మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు."

"ఎన్ని బద్దలు?"

"ఆరు."

"ఏవీ?"

"కాల్చేశాను."

"పలకల్లో తెలియాలిగా మరి."

"తెలియకుండా ఉండాలనే చిత్రిక పట్టాను."

"అంటే చూపించడానికి ఏమీ లేదు."

"ఏమీ లేదు."

ఆయన నవ్వాడు. రెండు నెలల తర్వాత ఆ నవ్వు వినడం. చెయ్యి చాచి నా తల వెతుక్కుని, జుట్టు మీద రెండుసార్లు తట్టాడు.

"అబద్ధం అల్లడం కూడా సరిగ్గా రాదు నీకు. నీ కన్నా మీ వదినే నయం" అన్నాడు. కూతుర్ని వేళాకోళానికి నా వదినంటాడు. "ఒరేయ్ డిగ్రీ, కొయ్య ఎలా ఉబ్బుతుందో బొమ్మ వేసి చూపించినవాడివి. నువ్వు పూడుస్తావా ఖాళీ? తెలిసినవాడు ఎవడన్నా చేస్తాడా ఆ పని?"

"చేశాను మావయ్యా."

"ఊరుకో. ఆ రోజు షాపులో నిన్ను మొహం మీదే అడిగాను. నువ్వే చేసుంటే అక్కడే చెప్పేసేవాడివి. అలాంటివాడివి నువ్వు. నా పెద్దపిల్ల మనిషిని చూసే చేసుకుంది." నా జుట్టు మీంచి చెయ్యి తీశాడు. "పనిముట్లు పోతున్నాయని నీకు బాధ. నాకూ ఉంది. పోయి పడుకో."

ఇంకా రెండుసార్లు చెప్పాను. ఎంత గట్టిగా చెప్తే అంత మంచివాణ్ణైపోతున్నాను. ఆయన గోడ వైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. కాసేపటికి ఊపిరి ఒక తీరున పడింది.

బయటికి వచ్చేసరికి గుమ్మం పక్కన మరదలు నిలబడి ఉంది, నీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని. ఎప్పట్నుంచి ఉందో.

"నిజమేనా?" అంది.

"నిజమే."

ఆమె నమ్మింది. మొహం చూస్తేనే తెలిసింది. ఆ ఇంట్లో నన్ను నమ్మిన ఒక్క మనిషీ ఆమే. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. చెంబు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది.

"గుండీ తప్పు పెట్టుకుని వచ్చాడు ఆ రోజు" అంది. "ఇంటికొచ్చాక నేనే సరిచేశాను."

నేను గుమ్మంలోంచి పక్కకి జరిగాను.

"రేపు మేస్త్రీ వచ్చేలోపు మళ్ళీ చెప్పు. నేను పక్కనుంటా. నమ్మకపోతే ఎల్లుండి చెప్పు. ఆయన నమ్మేదాకా రోజూ చెప్పాలి నువ్వు."

"నమ్మకపోతే?"

"చెప్తూనే ఉండు. ఇల్లు వదిలి పోతానని మాత్రం అనకు. అంత సులువుగా నిన్ను వదలను."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన చెయ్యి ఎక్కడికి అందుతుందో అక్కడ, స్టూలు మీద చెంబు పెట్టింది. జారిన దుప్పటి భుజం దాకా లాగింది. వెనక్కి వచ్చి, గడప మీద రాసుకోకుండా తలుపుని కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.